ఆహార డబ్బాల శుభ్రతలో నీరు, ఆవిరి ఆదా: ఉప్పల్, నాచారం యూనిట్లకు అందుబాటులో ఉన్న మార్గాలు

ప్రత్యేక వ్యాసం

ఆహార శుద్ధి పరిశ్రమలో ముడిసరుకు, ఇంధనం, ప్యాకింగ్ ఖర్చులపై యాజమాన్యాలు చూపే శ్రద్ధ డబ్బాలు కడిగే యంత్రాలపై సాధారణంగా కనిపించదు. ఉత్పత్తి శ్రేణిలో ఒక మూలన ఉండే ఈ యంత్రం ఉదయం నుంచి సాయంత్రం వరకు వేడినీటిని వాడుతూనే ఉంటుంది. అది వాడే నీరు, ఆ నీటిని వేడి చేసే ఆవిరి, అందులో కలిపే డిటర్జెంటు ప్రతి డబ్బా ఖర్చులో చేరుతాయి. అంతకంటే ముఖ్యంగా, డబ్బా శుభ్రత వినియోగదారుని ఆరోగ్యంతో నేరుగా ముడిపడి ఉంది. కనుక ఈ యంత్రాల సామర్థ్యాన్ని పెంచడమంటే కేవలం నీటి కుళాయిని తగ్గించి తిప్పడం కాదు. కావలసినంత శుభ్రతను, కొలిచిన నీటితో, కొలిచిన వేడితో, ప్రతి డబ్బాకు ఒకే తీరున అందించడం. ఇందుకు చాలా సందర్భాలలో కొత్త యంత్రం కొనవలసిన అవసరం ఉండదు. ఉన్న యంత్రానికే తక్కువ వ్యయంతో చేయదగిన మార్పులు అనేకం ఉన్నాయి.

తూర్పు హైదరాబాద్‌లో ఈ అంశానికి ఉన్న ప్రాధాన్యం

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు నగర శివార్లుగా ఉన్న కాలంలో రూపుదిద్దుకున్నాయి. ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమయ్యాయి. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ ప్రాంతం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరింది. నేడు కర్మాగారాల ప్రహరీలను ఆనుకొని నివాస కాలనీలు విస్తరించాయి. ఒకే నీటి వనరును పరిశ్రమలు, కుటుంబాలు పంచుకోవలసిన పరిస్థితి ఏర్పడింది.

హైదరాబాద్ నగరానికి కృష్ణా జలాలు మొదటి దశ కింద 2004లో, రెండవ దశ కింద 2008లో, మూడవ దశ కింద 2015లో అందుబాటులోకి వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి తీసుకునే ఈ నీరు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పలుచోట్ల పంపుల ద్వారా ఎత్తిపోయబడి నగరానికి చేరుతుంది. అంటే కర్మాగారంలో వృథాగా పోయే ప్రతి లీటరు వెనుక విద్యుత్తు వ్యయం కూడా ఉంది. బోరుబావులపై ఆధారపడే యూనిట్లకు మరొక సమస్య ఉంది. నగరం కింద ఉన్న గ్రానైటు రాతి పొరల్లోని భూగర్భ జలం సాధారణంగా కఠిన జలం. ఇది డబ్బాలు కడిగే యంత్రాల నాజిళ్లను, వేడిచేసే గొట్టాలను సున్నపు పొరతో కప్పివేస్తుంది.

ఈ ప్రాంతానికి ఒక అనుకూలత కూడా ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన రిసోర్స్ సెంటర్ ఉప్పల్ రోడ్డులోని హబ్సిగూడలో ఉంది. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా చిన్నారులకు అందించే బాలామృతాన్ని ఉత్పత్తి చేసే తెలంగాణ ఫుడ్స్ సంస్థ కూడా నాచారం పారిశ్రామిక వాడలోనే ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లు, కన్వేయర్లు, పైపుల పనులు చేసే వర్క్‌షాపులు ఇవే వీధుల్లో పనిచేస్తున్నాయి. సాంకేతిక సలహా, పరీక్ష, యంత్రాల మరమ్మతు కొద్ది కిలోమీటర్ల పరిధిలో లభించడం చిన్న యూనిట్లకు ఎంతో ఉపయోగకరం.

డబ్బాను ఎప్పుడెప్పుడు కడుగుతారు

డబ్బాలలో ఆహారం నింపే పరిశ్రమలో కడగడం ఒకే పని కాదు. ఇది రెండు వేర్వేరు దశలలో, రెండు వేర్వేరు ప్రయోజనాల కోసం జరుగుతుంది.

మొదటిది ఖాళీ డబ్బాలను కడగడం. తయారీ, రవాణా, నిల్వ సమయంలో డబ్బాలో చేరిన దుమ్ము, లోహపు రజను, పురుగులు ఇందులో తొలగిపోవాలి. డబ్బాను బోర్లించి, కింది నుంచి వేడినీరు లేదా ఆవిరి చిమ్మడం సరైన పద్ధతి. బోర్లించకుండా కడిగితే మురికి అడుగునే నిలిచిపోతుంది.

రెండవది నింపి, మూత బిగించిన తరువాత కడగడం. నింపే సమయంలో ఒలికిన గుజ్జు, చక్కెర పాకం, నూనె డబ్బా పక్కలకు, మూత అంచు గాడికి అంటుకుంటాయి. వీటిని వెంటనే తొలగించకపోతే రిటార్టులో అధిక వేడికి అవి డబ్బాపై గట్టిపడతాయి. ఆ తరువాత వాటిని వదిలించడం కష్టం. ఆ మరకల వద్ద తుప్పు మొదలవుతుంది, లేబులు అంటదు, గోదాములో చీమలు, బూజు చేరతాయి. రిటార్టులోని నీరు కూడా త్వరగా మురికి పడుతుంది. అందుకే మూత బిగించే యంత్రానికి, రిటార్టుకు మధ్య డిటర్జెంటుతో కూడిన వేడినీటి కడుగుడు యంత్రాన్ని అమరుస్తారు.

రిటార్టు అనంతరం డబ్బాలను చల్లార్చే నీటిని కూడా ఇదే శ్రేణిలో భాగంగా పరిగణించవలసి ఉంటుంది. శుభ్రత విషయంలో అత్యంత సున్నితమైన దశ ఇదే.

శుభ్రత లోపిస్తే ఏమవుతుంది

1964లో స్కాట్లాండ్‌లోని అబర్దీన్ నగరంలో టైఫాయిడ్ ప్రబలి సుమారు 500 మంది ఆసుపత్రుల పాలయ్యారు. అర్జెంటీనాలో తయారైన డబ్బా మాంసం ద్వారా వ్యాధి వచ్చినట్లు దర్యాప్తు నిర్ధారణకు వచ్చింది. డబ్బాలోని మాంసం సరిగా ఉడకకపోవడం అందుకు కారణం కాదు. వేడి డబ్బాలను చల్లార్చేందుకు శుద్ధి చేయని నదీ జలాన్ని వాడటం, ఆ నీరు డబ్బా అతుకు గుండా లోపలికి చేరడం కారణమని భావించారు.

ఇది జరిగే తీరు తెలుసుకోదగినది. రిటార్టు నుంచి వెలువడిన డబ్బా చల్లబడేకొద్దీ దాని లోపల పీడనం తగ్గి శూన్యం ఏర్పడుతుంది. అదే సమయంలో డబుల్ సీమ్‌లోని సీలింగ్ పదార్థం ఇంకా మెత్తగానే ఉంటుంది. అతుకులో వెంట్రుకకంటే సన్నని సందు ఉన్నా బయటి నీటి బొట్టు లోపలికి లాగబడుతుంది. ఆ బొట్టులో సూక్ష్మజీవి ఉంటే, అప్పటివరకు చేసిన శుద్ధి అంతా వ్యర్థమవుతుంది. అందువల్లనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తక్కువ ఆమ్లత గల డబ్బా ఆహారాల తయారీకి రూపొందించిన పరిశుభ్రతా నియమావళి చల్లార్చే నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయాలని, క్లోరిన్ నీటితో కలిసి పనిచేసేందుకు తగిన సమయం ఇవ్వాలని, వాడకం అనంతరం కూడా నీటిలో క్లోరిన్ మిగిలి ఉండాలని నిర్దేశించింది.

నీటి పొదుపు గురించి ఆలోచించే ప్రతి యూనిట్ దీనిని ముందుగా గుర్తుంచుకోవాలి. వాడిన నీటిని తిరిగి వాడవచ్చు. అయితే ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో స్పష్టంగా నిర్ణయించుకొన్న తరువాతే.

కడుగుడును నిర్ణయించే నాలుగు అంశాలు

జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో కడిగే ప్రక్రియను నాలుగు అంశాలుగా విభజించి చూపారు. అవి సమయం, నీటి తాకిడి, రసాయనం, ఉష్ణోగ్రత. వీటిలో ఒకటి తగ్గితే మిగిలిన వాటిలో ఏదో ఒకటి పెరగాలి. అప్పుడే శుభ్రత అదే స్థాయిలో ఉంటుంది. ఉత్పత్తి పెంచేందుకు కన్వేయర్ వేగాన్ని రెట్టింపు చేసి, మిగిలిన మూడింటిని అలాగే వదిలేస్తే డబ్బాలు మురికిగా వస్తాయి. అప్పుడు సిబ్బంది చేసే మొదటి పని నీటి వాల్వును మరింత తెరవడం. సమస్య సమయానిది, పరిష్కారం నీటిలో వెదుకుతున్నారు. వృథా ఇక్కడే మొదలవుతుంది.

పదార్థాన్ని బట్టి కూడా పద్ధతి మారాలి. రసగుల్లా, గులాబ్ జామూన్ డబ్బాలకు అంటే చక్కెర పాకం వేడినీటిలో సులభంగా కరుగుతుంది. డిటర్జెంటు అవసరం స్వల్పం. నెయ్యి, నూనె, మసాలా గ్రేవీలకు క్షార డిటర్జెంటు, అధిక ఉష్ణోగ్రత రెండూ కావాలి. మామిడి గుజ్జులోని పీచుకు నీటి తాకిడి ముఖ్యం. అన్నింటికీ ఒకే అమరికతో యంత్రాన్ని నడపడం వలన ఒకదానికి ఎక్కువ, మరొకదానికి తక్కువ అవుతుంది.

నాజిళ్లు: చిన్న రంధ్రం, పెద్ద నష్టం

నీరు చిమ్మే నాజిల్ రంధ్రం కాలక్రమంలో అరుగుతుంది. ప్రవాహం రంధ్రపు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక 3 మి.మీ. రంధ్రం 3.3 మి.మీ. అయితే నీటి వాడకం 21 శాతం పెరుగుతుంది. కంటికి ఈ తేడా కనిపించదు. పైగా అరిగిన నాజిల్ నుంచి నీరు విసనకర్ర ఆకారంలో విచ్చుకోక ధారగా పడుతుంది. నీరు ఎక్కువ, శుభ్రత తక్కువ అవుతుంది. మరోవైపు సున్నపు పొరతో సగం మూసుకున్న నాజిళ్ల కింద డబ్బాలో ఒక పక్క అసలు తడవదు.

దీనికి పరీక్ష సులభం. కొలజాడీ, స్టాప్ వాచ్ చాలు. కొత్త నాజిల్ నుంచి నిర్ణీత పీడనం వద్ద ఒక నిమిషంలో ఎంత నీరు వస్తుందో నమోదు చేసుకొని, ప్రతి నెలా ఆ అంకెతో పోల్చాలి. కొత్తదానికంటే 10 శాతం ఎక్కువ వస్తుంటే నాజిల్ మార్చాలి. తక్కువ వస్తుంటే పలుచని ఆమ్ల ద్రావణంలో ఉంచి శుభ్రం చేయాలి. పంపు తరువాత జాలీని అమర్చి రోజూ శుభ్రపరిస్తే నాజిళ్లు మూసుకుపోవు.

పంపు పీడనం పెంచితే అన్నీ సరిపోతాయన్న అభిప్రాయం కూడా సరైనది కాదు. అదే నాజిల్ నుంచి రెట్టింపు నీరు రావాలంటే పీడనం నాలుగు రెట్లు కావాలి. పంపు చేయవలసిన పని ఎనిమిది రెట్లు అవుతుంది. నాజిళ్ల దిశ, డబ్బాకు వాటి మధ్య దూరం సరిచేయడం వలన ఏ అదనపు విద్యుత్తూ లేకుండానే ఫలితం వస్తుంది. రెండు పక్కల నాజిళ్లు ఎదురెదురుగా ఉండి ఒకదాని ధారను మరొకటి అడ్డుకుంటున్న యంత్రాలలో వాటిని కొద్దిగా ముందు వెనుకలుగా జరిపితే చాలు.

ఎదురు ప్రవాహ పద్ధతి

అత్యధికంగా నీరు ఆదా అయ్యే మార్గం ఎదురు ప్రవాహ పద్ధతి. డబ్బాలు ఒక దిశలో కదులుతుండగా, నీరు అందుకు వ్యతిరేక దిశలో ఒక తొట్టి నుంచి మరొక తొట్టికి ప్రవహిస్తుంది. తాజా మంచినీరు చివరి తొట్టిలో మాత్రమే చేరుతుంది. అక్కడ వాడిన నీరు దాని ముందు తొట్టికి, అక్కడి నుంచి తొలి కడుగుడుకు పోతుంది. అత్యంత శుభ్రమైన డబ్బాను అత్యంత శుభ్రమైన నీరు, అత్యంత మురికి డబ్బాను వాడిన నీరు కడుగుతాయి. ఇంటిలో గిన్నెలు తోమిన తరువాత మొదట ఒక బకెట్‌లో, ఆపై మరో బకెట్‌లో ముంచి తీసే పద్ధతికి ఇది యాంత్రిక రూపమే.

లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో డబ్బా మూత గాడిలో 5 మి.లీ. డిటర్జెంటు నీటిని మోసుకువెళ్తుందనుకుందాం. దానిని వంద రెట్లు పలుచన చేయాలంటే ఒకే దశ ప్రక్షాళనలో డబ్బాకు 500 మి.లీ. మంచినీరు కావాలి. రెండు దశల ఎదురు ప్రవాహంలో ప్రతి దశ సుమారు పది రెట్లు పలుచన చేస్తే చాలు కనుక సిద్ధాంతరీత్యా 50 మి.లీ. సరిపోతుంది. నిమిషానికి 60 డబ్బాల చొప్పున 8 గంటలు నడిచే శ్రేణిలో 28,800 డబ్బాలకు మొదటి పద్ధతిలో 14,400 లీటర్లు, రెండవ పద్ధతిలో 1,440 లీటర్లు పడతాయి. వాస్తవంలో డబ్బా అంతా తడవడానికి ఇంకొంత నీరు అవసరం. డబ్బాకు 150 మి.లీ. చొప్పున వాడినా రోజుకు 4,320 లీటర్లకు మించదు. రోజుకు 10,080 లీటర్ల చొప్పున, 300 పనిదినాలలో 30 లక్షల లీటర్లకు పైగా నీరు మిగులుతుంది.

దీనికి తోడు, డబ్బాలు లేనప్పుడు నీరు ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. మూత బిగించే యంత్రం ఆగినా, భోజన విరామంలోనూ నాజిళ్లు చిమ్ముతూనే ఉండటం సాధారణంగా కనిపించే దృశ్యం. కన్వేయర్‌పై డబ్బాను గుర్తించే సెన్సర్‌ను, విద్యుత్ వాల్వును అనుసంధానిస్తే ఈ వృథా పూర్తిగా ఆగుతుంది. 8 గంటల షిఫ్టులో శ్రేణి 2 గంటలు ఆగితే ఆదా అయ్యేది నాలుగో వంతు నీరు.

వేడిని నిలబెట్టుకోవడం

నీటి ఆదాతో పాటు ఇంధనం ఆదా అవుతుంది. పై ఉదాహరణలోని 10,080 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చేయడానికి సుమారు 3.5 లక్షల కిలో కేలరీలు కావాలి. 80 శాతం సామర్థ్యంతో పనిచేసే బాయిలర్‌లో ఇందుకు రోజుకు సుమారు 44 కిలోల ఫర్నేస్ ఆయిల్ ఖర్చవుతుంది. నీటిని ఆదా చేసిన యూనిట్‌కు ఈ ఇంధనం కూడా మిగులుతుంది.

వేడినీటి తొట్టి నుంచి వేడి ఎక్కువగా పోయేది పక్క గోడల నుంచి కాదు, తెరచి ఉన్న నీటి ఉపరితలం నుంచి. ఆవిరైపోయే ప్రతి కిలో నీరు 500 కిలో కేలరీలకు పైగా వేడిని తనతో తీసుకుపోతుంది. షెడ్డంతా పొగమంచులా ఆవిరి కమ్ముకొని ఉంటే అది యంత్రం బాగా పనిచేస్తున్నదనడానికి గుర్తు కాదు. ఇంధనం గాలిలో కలుస్తున్నదనడానికి గుర్తు. తొట్టికి మూతలు, డబ్బాలు ప్రవేశించే, వెలువడే చోట్ల వేలాడే పట్టీ తెరలు, గోడలకు, పైపులకు ఉష్ణ నిరోధక తొడుగు అమర్చడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. స్టీం ట్రాపులు పనిచేస్తున్నాయో లేదో నెలనెలా చూడాలి. బయటకు పొర్లిపోయే వేడినీటితో లోపలికి వచ్చే చల్లని నీటిని ముందుగా వేడిచేసే హీట్ ఎక్స్ఛేంజర్‌ను పెద్ద యూనిట్లు పరిశీలించవచ్చు.

అయితే ఉష్ణోగ్రత తగ్గించడం ద్వారా ఇంధనం ఆదా చేయాలనుకునే వారు ఒక జాగ్రత్త పాటించాలి. రిటార్టులో ఎంత సమయం, ఎంత వేడి ఇవ్వాలన్నది డబ్బాలోని పదార్థపు ఆరంభ ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయిస్తారు. నింపిన డబ్బాలను చల్లని నీటితో కడిగితే ఆ ఉష్ణోగ్రత పడిపోతుంది. అదే సమయ పట్టికతో రిటార్టు నడిపితే మధ్య భాగానికి చేరవలసిన వేడి చేరదు. క్లాస్ట్రీడియం బొట్యులినం వంటి ప్రాణాంతక విషాన్ని పుట్టించే సూక్ష్మజీవులు తక్కువ ఆమ్లత గల ఆహారంలో బ్రతికిపోయే ప్రమాదం ఉంది. కనుక కడుగుడు ఉష్ణోగ్రతలో మార్పు చేసే ముందు రిటార్టు ప్రక్రియకు బాధ్యత వహించే నిపుణుని అనుమతి తీసుకోవడం తప్పనిసరి.

డిటర్జెంటు, కఠిన జలం

కాస్టిక్ సోడా చవకగా దొరుకుతుంది, జిడ్డును బాగా వదిలిస్తుంది. కానీ గాఢమైన ద్రావణం తగరపు పూతను క్రమంగా కరిగిస్తుంది. అల్యూమినియంను వేగంగా తినివేస్తుంది. తగరపు పూత గల డబ్బాలకు లోహాన్ని కాపాడే సిలికేట్లు కలిసిన మృదు క్షార డిటర్జెంట్లు అనువైనవి. గాఢతను చేతి అంచనాతో కాక, రోజుకు రెండుసార్లు ఫినాల్ఫ్తలీన్ సూచికతో చేసే సులభమైన పరీక్ష ద్వారా నిర్ధారించాలి. తుది ప్రక్షాళనలో డిటర్జెంటు మిగలలేదని తెలుసుకునేందుకు నీటి విద్యుత్ వాహకతను కొలిచే చిన్న మీటరు ఉపకరిస్తుంది. వాహకత మంచినీటితో సమానంగా ఉంటే ఇంకా నీరు పోయడం అనవసరం.

కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు డిటర్జెంటులో కొంత భాగాన్ని నిర్వీర్యం చేస్తాయి. నీరు వేడెక్కేకొద్దీ సున్నం వేగంగా పేరుకుంటుంది. వేడి గొట్టాలపై ఏర్పడిన పొర ఆవిరి వేడిని నీటికి చేరనివ్వదు. ఆరిన డబ్బాలపై తెల్లని మచ్చలు మిగులుతాయి. బోరు నీరు వాడే యూనిట్లు కడుగుడు యంత్రానికి వెళ్లే నీటినైనా మృదుజలంగా మార్చుకోవడం లాభదాయకం.

క్షార ద్రావణం తయారుచేసే సిబ్బందికి కళ్లద్దాలు, చేతి తొడుగులు ఇవ్వాలి. కాస్టిక్ సోడాను నీటిలో కొద్దికొద్దిగా కలపాలే కాని, దానిపై నీరు పోయరాదు. డిటర్జెంటును కొలిచి విడుదల చేసే డోసింగ్ పంపు అమర్చితే ఖర్చు తగ్గడమే కాక కార్మికుల భద్రత పెరుగుతుంది.

ఆరబెట్టడం

తడి డబ్బా తుప్పుకు, సూక్ష్మజీవులకు అనుకూలం. చల్లార్చిన డబ్బాలను సుమారు 38 నుంచి 40 డిగ్రీల వద్ద బయటకు తీస్తే మిగిలిన వేడితో ఉపరితలం తనంతట తానే ఆరుతుంది. అంతకంటే చల్లబరచడం నీటిని వృథా చేయడమే. మూత గాడిలో నిలిచిన నీటిని తొలగించేందుకు అనేక యూనిట్లు కంప్రెసర్ గాలిని వాడుతున్నాయి. కర్మాగారంలో అత్యంత ఖరీదైన శక్తి రూపాలలో సంపీడిత గాలి ఒకటి. అదే పనిని బ్లోయరు ద్వారా వచ్చే గాలి పొర చాలా తక్కువ విద్యుత్తుతో చేస్తుంది. డబ్బాను కొద్దిగా వంచి నడిపించే మలుపును కన్వేయర్‌లో ఏర్పాటు చేస్తే నీటిలో ఎక్కువ భాగం దానంతట అదే జారిపోతుంది. తడి డబ్బాలను చేతితో తాకడం, గుడ్డతో తుడవడం మానుకోవాలి.

పాల క్యాన్లు వేరు, నూనె డబ్బాలు వేరు

నాచారానికి సమీపంలోని లాలాపేట విజయ డెయిరీతో ప్రసిద్ధి చెందింది. పాడి పరిశ్రమలో 40 లీటర్ల పాల క్యాన్లను తిరిగి తిరిగి వాడటం అనుమతించిన పద్ధతి. బల్క్ మిల్క్ కూలర్లు, ట్యాంకర్లు వచ్చాక క్యాన్ల వాడకం తగ్గినా పూర్తిగా పోలేదు. వాటిని కడిగే యంత్రంలో మిగులు పాలు కారనివ్వడం, గోరువెచ్చని నీటితో తొలి కడుగుడు, డిటర్జెంటు, వేడినీరు, ఆవిరి, వేడిగాలి వరుసగా ఉంటాయి. తొలి కడుగుడులో మరీ వేడినీరు వాడితే పాలలోని మాంసకృత్తులు గట్టిపడి లోహానికి అంటుకుంటాయి. ఇక్కడ కూడా ఎదురు ప్రవాహం, నాజిళ్ల పరీక్ష సమానంగా వర్తిస్తాయి.

వంటనూనె డబ్బాల విషయం ఇందుకు భిన్నం. ఒకసారి వాడిన తగరపు డబ్బాలలో వంటనూనెలు, కొవ్వులను తిరిగి నింపరాదని ఆహార భద్రతా ప్యాకేజింగ్ నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. ఎంత సమర్థమైన యంత్రంలో కడిగినా పాత డబ్బా కొత్త డబ్బా కాదు. తనిఖీ అధికారులు ఈ వ్యత్యాసాన్ని గమనించవలసి ఉంది.

వ్యర్థజలాల విషయంలో గమనించవలసినది

నీరు తగ్గినంత మాత్రాన మురికి తగ్గదు. అదే మురికి తక్కువ నీటిలో గాఢంగా ఉంటుంది. పర్యావరణ (పరిరక్షణ) నియమావళి, 1986 ప్రకారం ప్రజా మురుగు కాల్వలోకి వదిలే పారిశ్రామిక వ్యర్థజలంలో బి.ఓ.డి. లీటరుకు 350 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 20 మిల్లీగ్రాములు మించరాదు. నీటిని సగానికి తగ్గించిన యూనిట్ నిన్నటి వరకు పరిమితిలో ఉండి నేడు దానిని దాటవచ్చు. అధికారులు దీనిని అశ్రద్ధగా భావించే ముందు నీటి పరిమాణాన్ని కూడా చూడవలసి ఉంటుంది. యాజమాన్యాలు దీనిని సాకుగా వాడుకోరాదు.

ఇందుకు పరిష్కారం మురికిని మొదట్లోనే ఆపడం. నింపే యంత్రం వద్ద ఒలకడాన్ని తగ్గించడం, కారిన గుజ్జును నీటితో కాక చిప్పతో తీయడం, తొలి తొట్టికి నూనె వేరుచేసే అర అమర్చడం వలన కాల్వలోకి పోయే భారం తగ్గుతుంది. ఉప్పల్ నల్లచెరువు వద్ద, నాగోలు వద్ద మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. ఈ ప్రాంతపు మురుగు చివరికి మూసీ నదికి చేరుతుంది. గాఢ క్షారం, జిడ్డు కలిసిన నీరు శుద్ధి కేంద్రాలలోని సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది.

రిటార్టు చల్లార్చిన నీరు సాపేక్షంగా శుభ్రమైనది. దానిని చల్లబరచి, క్లోరిన్ కలిపి తిరిగి చల్లార్చేందుకు, లేదా నింపిన డబ్బాల తొలి కడుగుడుకు వాడవచ్చు. ఖాళీ డబ్బాల లోపలికి, తుది ప్రక్షాళనకు మాత్రం తాగునీటి ప్రమాణాలు గల నీరే వాడాలి.

కొలతతోనే ఫలితం

పై చర్యలన్నింటికీ పునాది కొలత. కడుగుడు యంత్రానికి విడిగా నీటి మీటరు లేని యూనిట్‌లో ఎంత ఆదా అయిందో ఎవరూ చెప్పలేరు. ప్రతి షిఫ్టుకు నాలుగు అంకెలు నమోదు చేస్తే సరిపోతుంది: వెయ్యి డబ్బాలకు ఎన్ని లీటర్ల నీరు, ఎంత ఇంధనం, ఎంత డిటర్జెంటు, పరిశీలనలో మురికిగా తేలినవి ఎన్ని. మొదటి మూడు తగ్గుతూ నాలుగవది పెరగకుంటే సామర్థ్యం పెరిగినట్లు. నాలుగవది పెరిగితే అది పొదుపు కాదు.

క్రమం కూడా ముఖ్యమే. మొదట మీటరు అమర్చి రెండు వారాలు ఉన్నది ఉన్నట్లు కొలవాలి. తరువాత నాజిళ్లు, లీకులు, మూతలు సరిచేయాలి. ఆపై సెన్సర్, వాల్వు అనుసంధానం. ఆ తరువాత ఎదురు ప్రవాహానికి తొట్లను కలిపే పైపుల పని. హీట్ ఎక్స్ఛేంజర్, కొత్త యంత్రం చివరి మెట్టు. ఈ క్రమాన్ని తలకిందులు చేసి ముందే పెద్ద యంత్రం కొంటే పాత అలవాట్లు కొత్త యంత్రంలోనూ కొనసాగుతాయి.

యంత్రం ఆగకుండా నడవడం కూడా సామర్థ్యంలో భాగమే. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి గుజ్జు పరిశ్రమ దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ గుజ్జును 3.1 కిలోల ఏ-10 డబ్బాలలో నింపి ఎగుమతి చేస్తారు. వేసవిలో కొద్ది వారాలు మాత్రమే సాగే సీజనులో కడుగుడు యంత్రం ఒక పూట ఆగితే శ్రేణి అంతా ఆగుతుంది. పండ్ల లోడుతో వచ్చిన రైతు గేటు బయట నిరీక్షించవలసి వస్తుంది. సీజనుకు ముందే నాజిళ్లు, బేరింగులు, పంపు సీళ్లు మార్చి ఉంచుకోవడం యూనిట్‌కే కాక రైతుకూ మేలు.

ప్రోత్సాహకాలు, బాధ్యతలు

సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల ఆధునికీకరణకు 2020లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పథకం కింద అర్హత గల ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల మేరకు రుణ అనుసంధాన సబ్సిడీకి వీలు కల్పించారు. ఇటువంటి పథకాల కింద ప్రతిపాదనలు సమర్పించే యూనిట్లు కొత్త యంత్రం ధరతో పాటు వెయ్యి డబ్బాలకు ప్రస్తుత నీటి, ఇంధన వాడకాన్ని జతపరిస్తే వాటి పరిశీలన సులభమవుతుంది. ఆదా ఎంతన్నది తరువాత నిరూపించడానికి కూడా అదే ఆధారం.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద రూపొందిన నిబంధనలు డబ్బాల వెలుపలి భాగం తుప్పు, రంధ్రాలు, సీమ్ వంకరలు లేకుండా ఉండాలని, డబ్బాలు లీకు కారాదని నిర్దేశిస్తున్నాయి. కడుగుడు యంత్రం పనితీరు ఈ నిబంధన అమలుకు మొదటి మెట్టు. కర్మాగారాన్ని సందర్శించే అధికారులు, పాత్రికేయులు నీటి మీటరు రీడింగు, నాజిళ్ల పరీక్ష నమోదు పుస్తకం, చల్లార్చే నీటిలో క్లోరిన్ నమోదు, విరామ సమయంలో నీరు ఆగుతున్నదా లేదా అన్న నాలుగు అంశాలను పరిశీలిస్తే యూనిట్ స్థితి తేటతెల్లమవుతుంది.

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలలో నీటికి కాలనీలు, కర్మాగారాలు పోటీ పడకుండా ఉండాలంటే పరిశ్రమలు తమ వంతు వాడకాన్ని లెక్కకట్టి తగ్గించుకోవలసి ఉంటుంది. అందుకు కావలసిన సాంకేతిక పరిజ్ఞానం, పరీక్షా సౌకర్యాలు, పనివారు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. ఒక నీటి మీటరు, ఒక కొలజాడీ, ఒక నమోదు పుస్తకంతో ఈ పనిని ఏ యూనిట్ అయినా ప్రారంభించవచ్చు.